మణికట్టు మీది మార్గదర్శి: ఆరుబయలు వ్యాయామానికి ఉపగ్రహ గడియారాన్ని ఎంచుకొనుట ఎట్లు?

తెలియని చోట దిక్కు తెలుసుకొనుట మానవునికి అనాదిగా ఉన్న సమస్య. మన పూర్వులు పగలు సూర్యుని చూచి, రాత్రి ధ్రువనక్షత్రాన్ని చూచి దారి నిర్ణయించుకొనేవారు. మబ్బు పట్టినప్పుడు ఆ ఆధారం కూడా ఉండేది కాదు. నేడు అదే పనిని మణికట్టుకు కట్టుకొనే గడియారం చేస్తున్నది. అయితే అంగడికి వెళ్ళి చూచినప్పుడు మూడు వందల డాలర్లకు తక్కువైనవి మొదలు వేయి డాలర్లకు మించినవి వరకు పదుల రకాలు కనిపిస్తాయి. పెట్టెల మీది వివరణలు పాండిత్య ప్రకర్షతో నిండి ఉంటాయి. వానిలో మనకు అవసరమైనది ఏది, కేవలం ఆకర్షణ ఏది అని తేల్చుకొనాలంటే ఈ యంత్రం లోపల జరిగే పని కొంతైనా తెలిసి ఉండాలి. ఆ పరిచయమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికాలోని మన తెలుగు కుటుంబాలలో వారాంతపు పర్వతారోహణలు, మారథాన్ పరుగులు, జాతీయోద్యానాల సందర్శనలు ఏటేటా పెరుగుతున్నాయి. ఇది సంతోషించదగిన పరిణామం. కాని ఇక్కడి అరణ్యాలు విశాలమైనవి. చాలాచోట్ల సెల్ ఫోనుకు సంకేతాలు అందవు. గ్రాండ్ కాన్యన్ సంగతే చూడండి. దక్షిణపు అంచు సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి బ్రైట్ ఏంజెల్ కాలిబాటలో కొలరాడో నదీతీరానికి సుమారు 8 మైళ్ళు, దిగవలసిన లోతు 1,300 మీటర్లకు పైమాటే. కొండ ఎక్కేవానికి అలసట మొదటే తెలుస్తుంది, కనుక వెనుదిరుగుతాడు. ఈ లోయలో అంతా తలక్రిందులు. ముందు సుఖంగా దిగుతాము. అలసిన తరువాత, ఎండ ముదిరిన తరువాత ఎక్కవలసి వస్తుంది. వేసవిలో లోయ అడుగున ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అందుచేతనే ఒక్క రోజులో నది దాకా దిగి తిరిగి ఎక్కే ప్రయత్నం చేయవద్దని ఉద్యానవన శాఖ హెచ్చరిస్తున్నది. దిగడానికి పట్టిన కాలానికి రెండింతలు ఎక్కడానికి పడుతుందని లెక్క వేసుకొనమంటుంది. ఇటువంటి చోట ‘ఇంతవరకు ఎంత దిగాను, ఎప్పుడు వెనుదిరగాలి’ అనే రెండు ప్రశ్నలకు సరైన సమాధానం చెప్పగల గడియారం అలంకారం కాదు, ఆత్మరక్షణ సాధనం.

ఆకాశంలో గడియారాలు

జి.పి.ఎస్. అని మనం పిలిచే ఉపగ్రహ స్థాననిర్దేశ వ్యవస్థను అమెరికా రక్షణ శాఖ 1973లో తలపెట్టింది. మొదటి ఉపగ్రహాన్ని 1978లో ప్రయోగించారు. 1983 సెప్టెంబరులో దారి తప్పి సోవియట్ గగనతలంలో ప్రవేశించిన కొరియా విమానాన్ని కూల్చివేయగా 269 మంది మరణించారు. ఆ దుర్ఘటన తరువాతనే ఈ వ్యవస్థను సామాన్య ప్రజల ఉపయోగానికి కూడ అందిస్తామని అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. 1995 నాటికి వ్యవస్థ సంపూర్ణమైంది. అయినప్పటికీ ప్రజలకు అందే సంకేతంలో బుద్ధిపూర్వకంగా కొంత దోషాన్ని కలిపేవారు. స్థానం వంద మీటర్ల వరకు తప్పిపోవచ్చును. 2000 మే నెలలో ఆ దోషాన్ని తొలగించారు. కాలిబాటపై నడిచేవానికి జి.పి.ఎస్. నిజంగా పనికి వచ్చింది అప్పటి నుండియే.

ఈ ఉపగ్రహాలు భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున ఆరు కక్ష్యాతలాలలో తిరుగుతూ ఉంటాయి. ప్రతి ఉపగ్రహంలోను పరమాణు గడియారం ఉంటుంది. ‘నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత’ అని ఉపగ్రహం నిరంతరం ప్రకటిస్తూ ఉంటుంది. ఆ వార్త కాంతివేగంతో ప్రయాణించి మన మణికట్టును చేరడానికి సెకనులో పదిహేనవ వంతు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కాంతివేగంతో గుణిస్తే ఉపగ్రహానికీ మనకూ మధ్యనున్న దూరం తేలుతుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే స్థానం నిర్ణయమవుతుంది. కాని మన గడియారంలో పరమాణు గడియారం లేదు. దాని కాలదోషం నాలుగవ అజ్ఞాతం. అందుచేత నాలుగవ ఉపగ్రహం కూడ కావాలి. బీజగణితంలో నాలుగు అజ్ఞాతాలకు నాలుగు సమీకరణాలు అన్న సూత్రమే ఇది.

ఇక్కడ కాలమానం ఎంత కచ్చితంగా ఉండాలో గమనించండి. కాలంలో ఒక మైక్రోసెకను తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం ఆకాశంలోని గడియారం భూమి మీది గడియారం కన్న రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. దీనిని సవరించకపోతే ఒక్క రోజులోనే పది కిలోమీటర్లకు మించిన తప్పు పేరుకొంటుంది.

చేతికి కట్టుకొనగల తొలి జి.పి.ఎస్. గడియారాన్ని జపానుకు చెందిన కాసియో సంస్థ 1999లో తెచ్చింది. కాన్సాస్ రాష్ట్రంలో పుట్టిన గార్మిన్ సంస్థ 2003లో పరుగువీరుల కొరకు ఫోర్‌రన్నర్‌ను, 2012లో పర్వతారోహకుల కొరకు ఫీనిక్స్‌ను విడుదల చేసింది. ఫిన్లాండుకు చెందిన సూంటో, పోలార్, ఆపై కోరోస్, అమేజ్‌ఫిట్, ఆపిల్ సంస్థలు నేడు ఇదే రంగంలో పోటీ పడుతున్నాయి.

సంకేతం దారి తప్పినప్పుడు

విశాలమైన మైదానంలో నేటి గడియారాలు సాధారణంగా 3 నుండి 5 మీటర్ల లోపున స్థానాన్ని చెప్పగలవు. చిక్కు వచ్చేది ఇరుకైన లోయలలో, దట్టమైన చెట్ల క్రింద, మన్‌హటన్, చికాగో వంటి నగరాల ఆకాశహర్మ్యాల నడుమ. అక్కడ ఆకాశం కొద్దిగానే కనిపిస్తుంది. పైగా సంకేతం నేరుగా రాక గోడలకు, రాతి చరియలకు తగిలి ప్రతిఫలించి వస్తుంది. చుట్టుదారిన వచ్చిన సంకేతం ఆలస్యంగా చేరుతుంది. గడియారం దానిని ఎక్కువ దూరంగా లెక్క కట్టి, మనలను వీధికి అవతలి ప్రక్కన చూపిస్తుంది.

దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. మొదటిది, అమెరికా ఉపగ్రహాలతో పాటు రష్యా వారి గ్లోనాస్, ఐరోపా వారి గెలీలియో, చైనా వారి బైడౌ ఉపగ్రహాలను కూడ వినడం. కనిపించే ఉపగ్రహాల సంఖ్య పెరిగితే ఇరుకు ఆకాశంలో కూడ సరిపడినన్ని దొరుకుతాయి. రెండవది, ద్విపౌనఃపున్య పద్ధతి. పాత సంకేతం 1575.42 మెగాహెర్ట్‌జ్ వద్ద వస్తుంది. ఎల్-5 అనే కొత్త సంకేతం 1176.45 మెగాహెర్ట్‌జ్ వద్ద వస్తుంది. ఈ రెండవ సంకేతంలోని స్పందనలు పదిరెట్లు సన్ననివి. అందుచేత నేరుగా వచ్చినదేదో, గోడకు తగిలి వచ్చినదేదో గడియారం వేరుచేయగలుగుతుంది. ఎత్తైన భవనాల మధ్య పరుగెత్తేవారు, లోయలలో నడిచేవారు ఈ సౌకర్యానికి కొంత ఎక్కువ వెల ఇచ్చినా వృథా కాదు. ఊరి బయట పార్కులో నడిచేవారికి దాని అవసరం లేదు.

ఈ సందర్భంలో మన దేశపు ‘నావిక్’ వ్యవస్థను తలచుకొనుట సముచితం. దాని తొలి ఉపగ్రహం 2013 జూలైలో ఆంధ్రదేశంలోని శ్రీహరికోట నుండియే ఆకాశానికి ఎగసింది. 2023 మేలో ప్రయోగించిన ఎన్.వి.ఎస్.-01లో స్వదేశంలో తయారైన పరమాణు గడియారాన్ని అమర్చారు. సామాన్య సాధనాలకు అనువైన పౌనఃపున్యాన్ని కూడ చేర్చారు. అయితే నావిక్ భారతదేశానికి, దాని చుట్టూ సుమారు 1,500 కిలోమీటర్ల ప్రాంతానికి ఉద్దేశించినది. అమెరికాలో నడిచేవానికి అది ఉపకరించదు. కనుక ఇక్కడి కొనుగోలులో దానిని ప్రమాణంగా తీసుకొనవలసిన పని లేదు.

ఎత్తు, దిక్కు, పటం

ఉపగ్రహాలన్నీ మన తలపైనే ఉంటాయి, కాళ్ళ క్రింద ఉండవు. అందుచేత జి.పి.ఎస్. చెప్పే ఎత్తులో తప్పు ఎక్కువ. కొండలు ఎక్కేవారికి వాయుపీడనాన్ని కొలిచే భారమితి ఉన్న గడియారమే తగినది. సముద్రమట్టం దగ్గర ప్రతి 8 మీటర్ల ఎత్తుకు పీడనం సుమారు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. 2,000 మీటర్ల ఎత్తున ఆ మార్పుకు సుమారు 10 మీటర్లు ఎక్కాలి. కాని వాతావరణం మారినా పీడనం మారుతుంది. రాత్రి గుడారంలో నిద్రించి లేచేసరికి మనం కదలకుండానే గడియారం 50 మీటర్లు ఎక్కినట్లు చూపవచ్చును. ఇది యంత్రదోషం కాదు, తుఫాను సూచన కావచ్చును. కాలిబాట మొదట్లో ఫలకంపై వ్రాసి ఉన్న ఎత్తుకు గడియారాన్ని సరిచేసుకొనుట మంచి అలవాటు.

జి.పి.ఎస్. మనం కదులుతున్నప్పుడే దిక్కు చెప్పగలదు. నిలబడి ఉన్నవానికి చెప్పలేదు. అందుకు అయస్కాంత దిక్సూచి కావాలి. ఇందులో మనవారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటున్నది. దిక్సూచి చూపే ఉత్తరానికి, భౌగోళిక ఉత్తరానికి మధ్యనున్న కోణాన్ని దిక్పాతం అంటారు. తెలుగునేలపై ఇది ఇంచుమించు శూన్యం. కనుక ఎన్.సి.సి.లోనో, కళాశాలలోనో దిక్సూచి నేర్చినవారికి ఈ బాధ తెలియదు. సియాటిల్ ప్రాంతంలో ఇది తూర్పునకు సుమారు 15 డిగ్రీలు. పదిహేను డిగ్రీల తప్పుతో ఒక కిలోమీటరు నడిస్తే గమ్యానికి 260 మీటర్లు ప్రక్కకు పోతాము. అడవిలో అంత దూరం చాలు, దారి కనబడకుండా పోవడానికి. గడియారంలో ‘నిజమైన ఉత్తరం’ అనే అమరికను ఎంచుకొంటే ఈ సవరణ తనంత తాను జరుగుతుంది.

ఇక పటాల విషయం. చౌక గడియారాలలో మనం నడిచిన దారి ఒక గీతగా మాత్రమే కనిపిస్తుంది. వచ్చిన దారినే తిరిగి పోవడానికి అది చాలు. కాని చీలికబాట దగ్గర ఏది ఎక్కడికి పోతుందో, ముందున్నది వాగో చరియో అది చెప్పలేదు. ఎత్తుల రేఖలతో కూడిన పూర్తి పటం గడియారంలోనే నిలువ ఉండాలి. ఫోను ఆధారంతో కనిపించే పటం అడవిలో మాయమవుతుంది. కొన్ని గడియారాలలో కొన్న ప్రాంతపు పటాలు మాత్రమే ఉంటాయి. సెలవులలో ఇండియా వెళ్ళి అరకులోనో, నల్లమలలోనో నడవదలచినవారు ఆ ప్రాంతపు పటాలను ముందుగానే ఎక్కించుకొనాలి.

బ్యాటరీ: అసలు కొలత ఏది?

ప్రకటనలలో ‘ఇరవై రోజులు’ అని పెద్ద అక్షరాలతో వ్రాసేది జి.పి.ఎస్. ఆపి, కేవలం సమయం చూచుకొన్నప్పటి మాట. మనం చూడవలసినది అన్ని ఉపగ్రహ వ్యవస్థలను, రెండు పౌనఃపున్యాలను వాడుతూ ఉన్నప్పుడు ఎన్ని గంటలు వస్తుందన్న సంఖ్య. ఒక రోజు నడకకు పన్నెండు గంటలు కావలసి వస్తే, ఇరవై గంటలు చెప్పినదానిని ఎంచుకొనడం వివేకం. ఎందుకనగా చలిలో లిథియం బ్యాటరీ శక్తి తగ్గుతుంది; ఏళ్ళు గడిచిన కొద్దీ కూడ తగ్గుతుంది. పటాన్ని మాటిమాటికి చూస్తే మరింత త్వరగా తరుగుతుంది. సూర్యరశ్మితో శక్తి పుట్టించే అద్దాలు గల నమూనాలు కొంత సాయపడతాయి. కాని ఆ లెక్కలు మంచి ఎండలో గంటల తరబడి ఉంచితేనే నిజమవుతాయి.

తెరలు రెండు విధాలు. ఎండలో మరింత స్పష్టంగా కనిపించే మందకాంతి తెర ఒకటి. దేదీప్యమానంగా వెలిగే అమోలెడ్ తెర మరొకటి. మొదటిది తక్కువ శక్తితో నడుస్తుంది. రెండవదానిపై పటం చూడడం సులభం. బహుదినాల యాత్రికునికి మొదటిది, నగరవాసికి రెండవది అనుకూలం. తెర ఏదైనా, బొత్తాలు తప్పక ఉండాలి. చెమట పట్టిన వ్రేళ్ళకు, వానకు, చేతితొడుగులకు స్పర్శతెర లొంగదు.

దృఢత్వం అనగా ఏమి?

సామాన్యమైన గాజుకు శత్రువు ఇసుక. ఇసుకలోని స్ఫటికపు కాఠిన్యం మోస్ కొలమానంలో 7. గాజుది అంతకు తక్కువ. నీలమణి స్ఫటికానిది 9. కనుక నీలమణి అద్దంపై ఇసుక గీతలు పడవు. అయితే కఠినమైనది పెళుసు కూడ. బండపై గట్టిగా తగిలితే పగలవచ్చును. కేసుకు టైటానియం వాడితే బరువు ఉక్కులో సగానికి కొంచెం ఎక్కువగా ఉంటుంది. పరుగెత్తేవానికి ఆ తేడా గంట తరువాత తెలుస్తుంది. గట్టి ప్లాస్టిక్ కేసు కూడ హీనమైనదేమీ కాదు. దెబ్బను తనలో ఇముడ్చుకొంటుంది.

‘పది అట్మాస్ఫియర్లు’ లేక ‘వంద మీటర్లు’ అని ఉంటే వంద మీటర్ల లోతున మునగవచ్చునని అర్థం కాదు. నిశ్చలమైన నీటిలో అంత పీడనానికి పరీక్షించారని అర్థం. ఈతకు అది చాలు. ‘మిలిటరీ ప్రమాణం 810’ అనే మాట కూడ తరచు కనిపిస్తుంది. అది అనేక పరీక్షల సంపుటి. వానిలో ఏవి జరిపించాలో తయారీదారే ఎన్నుకొంటాడు. ఏ పరీక్షలు, ఎంత ఎత్తు నుండి పడవేశారు అని వ్రాయనిచోట ఆ మాటకు విలువ స్వల్పం.

నాడిని చూచే పచ్చని వెలుగు

గడియారం వెనుక మెరిసే పచ్చని దీపం రక్తనాళాలలోకి కాంతిని పంపి, తిరిగి వచ్చే కాంతిలోని హెచ్చుతగ్గులను బట్టి గుండె స్పందనను లెక్కిస్తుంది. నిలకడగా నడిచేటప్పుడు ఇది బాగుగానే పనిచేస్తుంది. చలికి చర్మంలో రక్తప్రసరణ తగ్గినప్పుడు, పచ్చబొట్టు ఉన్నచోట, పట్టీ వదులైనప్పుడు, వేగం హఠాత్తుగా మారినప్పుడు తప్పుతుంది. నాడిని బట్టి సాధన చేసేవారు రొమ్ముకు కట్టే పట్టీని విడిగా కొనుట మంచిది. అన్నిటికంటె ముఖ్యం: గుండెలో నొప్పి, ఆయాసం తోచినప్పుడు గడియారం సవ్యంగా ఉన్నదని చెప్పినా దానిని నమ్మరాదు, వైద్యుని ఆశ్రయించవలెను.

ఎవరికి ఏది?

నగరంలో మారథాన్‌కు సాధన చేసేవారికి తేలికగా ఉండి, ద్విపౌనఃపున్యం గల గడియారం చాలు, పటాలు అనవసరం. పందెం చివర గడియారం 42.195 కిలోమీటర్లకు మించి చూపితే కంగారు పడవద్దు. పందెపు దారిని మలుపుల లోపలి అంచున అతి దగ్గర దారిగా కొలుస్తారు. తక్కువ కాకుండా వేయింట ఒక వంతు కలుపుతారు కూడ. మనం అంత దగ్గర దారిలో పరుగెత్తము.

వారాంతాలలో కొండలకు పోయేవారికి లోపలనే నిలువ ఉండే పటం, భారమితి, దిక్సూచి, ఇరవై గంటల జి.పి.ఎస్. శక్తి కనీసావసరాలు. రోజుల తరబడి అడవిలో గడిపేవారికి బ్యాటరీయే ప్రధానం. ఆపిల్ గడియారం ఆపిల్ ఫోనుతో మాత్రమే జతపడుతుందని ఆండ్రాయిడ్ ఫోనులు వాడేవారు గుర్తుంచుకొనాలి. కొన్న తరువాత వాపసు గడువు ముగియక మునుపే పరీక్షించండి. పాఠశాల పరుగుబాటలో లోపలి వరుసలో పది చుట్లు తిరిగితే నాలుగు కిలోమీటర్లు రావాలి. రెండు గంటల నడకకు బ్యాటరీ ఎనిమిది శాతం తరిగితే మొత్తం ఇరవై ఐదు గంటలని తేలుతుంది. ముందుగా గీసిన దారిని ఎక్కించి, పరిచితమైన పార్కులో దాని వెంట నడిచి అలవాటు పడండి. అడవిలో చీకటి పడిన తరువాత బొత్తాలు నేర్చుకొనడం సాధ్యం కాదు.

గడియారం చేయలేనిది

చాలా గడియారాలలో ‘పడిపోతే సహాయం పిలుస్తుంది’ అనే సౌకర్యం ఉంటుంది. అది ఎక్కువగా ఫోను ద్వారానే పనిచేస్తుందని, ఫోనుకు సంకేతం లేనిచోట అది మౌనం వహిస్తుందని చాలామంది గ్రహించరు. జి.పి.ఎస్. వినడమే గాని మాట్లాడడం కాదు. మనం ఎక్కడున్నామో మనకు తెలుస్తుంది, ఇతరులకు తెలియదు. 2025లో వెలువడిన కొన్ని ఖరీదైన గడియారాలు ఉపగ్రహం ద్వారా ఆపద సందేశం పంపగలవు. అవి లేనివారికి 406 మెగాహెర్ట్‌జ్‌పై పనిచేసే రక్షణ సంకేత సాధనం ఉన్నది; దానిని అమెరికాలో నోవా సంస్థ వద్ద నమోదు చేయించుకొనాలి, నెలసరి చందా అవసరం లేదు.

అయితే ఒక హెచ్చరిక. భారతదేశంలో ఉపగ్రహ ఫోనులను, ఉపగ్రహ సందేశ సాధనాలను ప్రభుత్వ అనుమతి లేకుండా తీసుకొనివెళ్ళి వాడుట చట్టవిరుద్ధం. వీనితో విమానాశ్రయాలలో పట్టుబడి కేసులు ఎదుర్కొన్న విదేశీ యాత్రికులు ఉన్నారు. కేవలం సంకేతాలను అందుకొనే సాధారణ జి.పి.ఎస్. గడియారానికి ఈ చిక్కు లేదు. సందేశాలు పంపగల సాధనాన్ని మాత్రం స్వదేశ ప్రయాణంలో ఇక్కడే ఉంచి వెళ్ళడం క్షేమం.

మరొక జాగ్రత్త కూడ ఉన్నది. మన నడకల పటాలను మిత్రులతో పంచుకొనేటప్పుడు ఇంటి చిరునామా కూడ బయటపడుతుంది. 2017లో స్ట్రావా సంస్థ ప్రకటించిన పటంలో సైనికుల పరుగుల జాడలు రహస్య స్థావరాలనే పట్టి ఇచ్చాయి. ఇంటి పరిసరాలను మరుగుపరచే అమరికను ముందే చేసుకొనండి.

ఉపగ్రహాలు ఎన్ని ఉన్నా దాహం తీర్చలేవు. కావలసినంత నీరు, కాగితపు పటం, ఈల, చేతిదీపం వెంట ఉండాలి. ఏ బాటలో వెళుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంటిలో ఒకరికి చెప్పి బయలుదేరాలి. ఆ మాట తెలిసిన మనిషి ఇంట ఉండగా, దారి తెలిపే గడియారం చేతికి ఉండగా, వెనుదిరగవలసిన వేళకు వెనుదిరిగే నిగ్రహం మనలో ఉంటే ఈ దేశపు కొండలు, లోయలు మన పిల్లలకు తరతరాల ఆనందాన్ని ఇస్తాయి.